అద్దం మీద పద్నాలుగు పేర్లు

క్షవరం చేసేవాడికీ తీర్పు చెప్పేవాడికీ దగ్గర చుట్టరికం ఉంది. ఇద్దరి ముందూ మనిషి తల వంచుకుని కూర్చోవాల్సిందే. అందుకే ఏ ఊళ్లో దిగినా నేను మొదట సెలూన్ వెతుక్కుంటాను. గడ్డం కోసం కాదు. ఆ ఊరు దేని గురించి పోట్లాడుకుంటోందో తెలుసుకోవడానికి. పూర్వం రాజులు వేగులను పెట్టుకున్నారని చరిత్రలో చదువుతాం. గడ్డం గీయించుకునే చోట చెవి ఒగ్గి ఉంటే అంత ఖర్చు తప్పేది.

నిదానం గారి సెలూన్ స్టేడియం వెనక గేటుకు ఎదురుగా, టైర్ల దుకాణానికీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కుని ఉండేది. ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు పన్ను కాగితాల మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. చెంప మీద కత్తి పెట్టేముందు వేలితో తోలు సాగదీసి, వెంట్రుక ఎటు వాలిందో చూసి, మళ్లీ చూసి, అప్పుడు గీసేవాడు. బస్సు పట్టుకోవాల్సినవాళ్లు ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు కారు. రెండు కుర్చీలు, గోడ పొడుగునా ఒక అద్దం, పైన టీవీ. చెక్క తడిక అవతల ఆయన భార్య ఆడవాళ్లకు జుట్టు కత్తిరించేది. తడిక మధ్యలో ఉన్నా మాటలకు అడ్డేమీ లేదు. ఇవతల మొదలైన వాదన అవతల తెగేది.

ఆ ఊరికి రగ్బీ పిచ్చి. తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. కోడిగుడ్డు ఆకారంలో బంతి, జట్టుకు పదిహేనుమంది. బంతిని వెనక్కే అందించాలి, మనిషి మాత్రం ముందుకే పోవాలి. సంసారం లాంటిదే. చిన్న తప్పు జరిగితే స్క్రమ్ పెడతారు. ఇటు ఎనిమిదిమంది, అటు ఎనిమిదిమంది తలలు దూర్చి, భుజాలు బిగించి, పొట్టేళ్లలా తోసుకుంటారు. ముందు వరుసలో ఎడమవైపు నిలబడేవాడి కష్టం దేవుడికీ వాడి మెడకీ తప్ప మూడోవాడికి తెలియదు. పరుగెత్తేవాడు ఫోటోల్లో పడతాడు, వీడు బురదలో పడతాడు.

అంతర్జాతీయ టోర్నమెంటు ముగిసినప్పుడల్లా నిదానం గారి షాపులో ఒక తంతు జరిగేది. అన్ని దేశాల ఆటగాళ్లలోంచీ మేలైన పదిహేనుమందిని ఏరి, అరిగిపోయిన సబ్బుముక్కతో అద్దం మీద రాసేవారు. దానికో కట్టుబాటు ఉంది. కుర్చీలో కూర్చుని ముఖాన నురగ ఉన్నవాడికే మాట్లాడే హక్కు. బెంచీ మీదవాళ్లు తమ వంతు వచ్చేదాకా నోరు మూసుకోవాలి. గొంతు దగ్గర కత్తి ఆడుతుంటే ఎవడూ అనవసరంగా ఎగిరిపడడు కాబట్టి పని సాఫీగా జరిగేది. ఊరి రేడియో ఆయన వచ్చి అద్దం చూసి రాసుకునిపోయి, ఆ సాయంత్రం చదివేవాడు. ఊరంతా వినేది.

నేనున్న ఏడాది టోర్నమెంటు ఆ ఊళ్లోనే జరిగింది. ఆతిథ్య జట్టులో ముందు వరుస ఎడమవైపు ఆడినవాడు నిదానం గారి బావమరిది. మైదానంలో వాణ్ణి ‘బండ’ అనేవాళ్లు. తల్లి పోయాక అక్కే పెంచింది. బావే వాడికి మొదటి గడ్డం గీశాడు. అన్నేళ్లు ఆడినా వాడి పేరు ఒక్కసారీ అద్దం ఎక్కలేదు. ప్రతిసారీ వాడికంటే మెరుగైనవాడు ఎవడో ఒకడు ఉండేవాడు కనుక బావకు ఇబ్బంది రాలేదు. ఈసారి వచ్చింది.

సెమీఫైనల్లో మనవాళ్లు ఓడారు. కానీ చివర్లో మన గోల్ గీత ముందు జరిగిన స్క్రమ్ ఎవరూ మరిచిపోలేదు. ఒకడు పసుపు కార్డు పడి పది నిమిషాలు బయట కూర్చుంటే ఏడుగురే ఎనిమిదిమందిని ఆపారు. పక్కవాళ్లు కుంగుతున్నా బండ కాళ్లు జారలేదు. ఎదుటి జట్టులో అదే చోట ఆడిన ఎర్రగడ్డమాయన తర్వాత కప్పు కూడా గెలిచాడు. ఇప్పుడు ఆ ఒక్క చోటుకు పోటీ ఈ ఇద్దరికే.

ఫైనల్ మర్నాడు షాపు కిటకిటలాడింది. పద్నాలుగు పేర్లు రాయడం అయిపోయింది. కుర్చీలో దర్జీ ఉన్నాడు.

“ఎడమవైపు ముందు వరుస?” నిదానం గారు అడిగారు.

“ఇంకెవరు? మన బండే.”

“ఆలోచించి చెప్పండి.”

“కత్తి నీ చేతిలో, మెడ నాది. ఆలోచించకుండా చెబుతానా?”

తర్వాత కూర్చున్న మందుల షాపాయనా అదే మాట అన్నాడు. ఆ తర్వాత రిటైరైన బస్సు డ్రైవరూ అదే అన్నాడు. వినేకొద్దీ నిదానం గారి ముఖం ముడుచుకుపోయింది. చివరికి నా వంతు వచ్చింది.

“మీరు పైఊరివారు, మీకు మొహమాటం ఉండదు. చెప్పండి పెద్దాయనా.”

“బండే,” అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

“మొన్న మా ఇంట్లో టీ తాగారు కదూ?”

“తాగాను. చక్కెర తక్కువైంది. దానికీ దీనికీ ఏమిటండీ సంబంధం?”

ఆయన సబ్బుముక్కను గిన్నెలో పడేశాడు. “ఇవన్నీ మొహమాటం ఓట్లు. మా ఇంటివాణ్ణి అద్దం ఎక్కిస్తే సాయంత్రం రేడియో విని ఊరు నవ్వుతుంది. అలాగని ఎర్రగడ్డాన్ని రాద్దామంటే మీలో ఒక్కరూ వాడి పేరు ఎత్తలేదు. ఖాళీగా ఉండనీయండి.”

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారు, అలా అయింది. అద్దం మీద మొదటిసారి పద్నాలుగుమందే నిలబడ్డారు. రేడియో ఆయన వచ్చి, వేలితో లెక్కబెట్టి, “ఒకణ్ణి ఎక్కడ పారేసుకున్నారండీ?” అన్నాడు. రేపు మళ్లీ వస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

తడిక అవతల కత్తెర చప్పుడు ఆగింది. ఆ ఇల్లాలు భర్తతో మాట మానేసింది. మానేయడమంటే అందరిలా కాదు. తలుపు దగ్గరికి వచ్చి మాకు చెప్పేది.

“అన్నయ్యగారూ, ఆ పెద్దమనిషితో వేడినీళ్లు అయిపోయాయని చెప్పండి.”

“విన్నాను,” అనేవాడు నిదానం గారు.

“విన్నారో లేదో కూడా మీరే కనుక్కుని చెప్పండి, అన్నయ్యగారూ.”

భార్యాభర్తల నడుమ మాటలు మోయడం కూలిపనుల్లోకెల్లా కష్టమైనది. నేను ఓడరేవులో బస్తాలు మోసిన మనిషిని, అనుభవంతో చెబుతున్నాను. ఆయనకూ ఆ రాత్రి నిద్ర పట్టినట్టు లేదు. మర్నాడు నా చెంప మీద అదే చోట రెండుసార్లు గీశాడు. ఆయన చేతిలో అలాంటిది నేనెన్నడూ ఎరగను.

“తమ్ముడిలాంటివాడు,” అన్నాడు, నాకో అద్దానికో తెలియకుండా. “పేరు రాస్తే పక్షపాతం అంటారు. రాయకపోతే ఆవిడ ఈ జన్మకు క్షమించదు. వాడేమనుకుంటాడో అసలు తెలియదు.”

అంతలో వాడే వచ్చాడు. తలుపుకు అడ్డంగా నిండిపోయాడు. ఒక చెవి వాచి పనసతొనలా ఉంది. మెడ తిరగక, మనిషి మొత్తంగా తిరిగి మమ్మల్ని పలకరించాడు. దర్జీ జుట్టు కోసం, మందుల షాపాయన కబుర్ల కోసం అప్పటికే బెంచీ మీద ఉన్నారు. ఎవరూ కదల్లేదు.

“బావా, గడ్డం తీసెయ్. ఎల్లుండి పనిలో చేరుతున్నా. గోడౌనులో సూపర్‌వైజరు.”

“మరి ఆట సంగతి?”

“అయిపోయింది. డాక్టరు మెడ చూసి నా ముఖం చూడలేదు. అర్థమైంది.”

నిదానం గారి చేతిలో బ్రష్షు గాలిలో ఆగింది. బండ కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ మూలిగింది. అద్దం మీద పేర్లు పైనుంచి చదువుకుంటూ వచ్చి ఖాళీ చోట ఆగాడు.

“ఇదేంటి బావా? నా చోటు ఊడగొట్టారా?”

“ఎవర్ని రాయాలో తేలలేదురా.”

“తేలకపోవడమేంటి? ఎర్రగడ్డాన్ని రాయి. మొదటి సగంలో నన్ను రోకలిలా దంచాడు.”

“రెండో సగంలో?”

“రెండో సగంలో...” వాడు నవ్వబోయి చెవి నొప్పితో ఆగిపోయాడు. “రెండో సగంలో వాడు నన్ను బూతులు తిట్టాడు. అంటే నేను బాగానే ఆడినట్టు.”

తడిక తలుపు తెరుచుకుంది. భుజాన తువ్వాలు, చేతిలో దువ్వెనతో ఆవిడ వచ్చి భర్త ఎదుట నిలబడింది. ఈసారి మధ్యలో అన్నయ్యగార్లు లేరు.

“వాడి పేరు రాయలేదని నాకు కోపమనుకున్నారా?”

“మరి?”

“ఎర్రగడ్డం పేరు రాసుంటే ఒక పూట ఏడ్చి ఊరుకునేదాన్ని. ఓడాడు, సరే అనుకునేదాన్ని. ఖాళీ పెట్టారు! కప్పు గెలిచిన ఆ ఎర్రగడ్డమూ లేడన్నారు, వీడూ లేడన్నారు. ఇద్దరూ మెడలు విరగ్గొట్టుకుంటే ఆ చోట ఎవడూ నిలబడలేదని రాశారు మీరు. ఎందుకు? ఎవరో ఏదో అంటారని.”

ఆవిడ దువ్వెనను భుజం మీది తువ్వాలుకు తుడిచింది.

“ఊరి ఓట్లు పక్కన పెట్టండి,” అందామె గొంతు తగ్గించి. “టీవీ ముందు మీరు లేచి నిలబడ్డారు ఆ రోజు. ఎవణ్ణి చూసి?”

నిదానం గారు ఎప్పటిలాగే ఆలస్యం చేశారు. బ్రష్షు కప్పులో పెట్టారు. చేతులు తుడుచుకున్నారు. బావమరిది మెడ వెనక, నిక్కబొడుచుకున్న వెంట్రుకల కింద, నల్లగా కమిలిన చోట వేలు ఆనించారు.

“వీణ్ణి చూసి,” అన్నారు.

“అయితే రాయండి.”

“వద్దు బావా,” అన్నాడు బండ, “నాకెందుకు లేనిపోని...”

“నీ ముఖాన ఇంకా నురగ పడలేదు. నీకు మాట్లాడే హక్కు లేదు. నోరు మూసుకో,” అన్నారు నిదానం గారు.

సబ్బుముక్క తీసుకుని ఖాళీ చోట రాశారు. ‘బండ’ అని కాదు. అక్క పెట్టిన పేరు, నిండుగా, మిగతావాటి కంటే పెద్దవీ చిన్నవీ కాని అక్షరాలతో. బండ తల తిప్పలేడు కాబట్టి కళ్లు మాత్రం పక్కకు తిప్పుకున్నాడు. ఆవిడ దువ్వెనతో ఒకసారి తమ్ముడి జుట్టు సరిచేసి తడిక అవతలికి పోయింది. ఒక్క క్షణంలోనే కత్తెర చప్పుడు మళ్లీ మొదలైంది.

అప్పుడు బెంచీ మీదినుంచి దర్జీ, కట్టుబాటు మరిచి, గట్టిగా అన్నాడు:

“ఎంతైనా సొంత బావమరిది కదా! రాయక ఏం చేస్తారు?”

“నువ్వే కదయ్యా మొదట వాడి పేరు చెప్పింది!” అన్నాడు మందుల షాపాయన.

“చెప్పాను. ఇప్పటికీ అదే చెబుతా. అలాగని అనాల్సింది అనకుండా ఊరుకుంటామా?”

అందరూ నవ్వారు. నేను నిదానం గారి ముఖం చూశాను. నిన్నటినుంచీ ఆయన భయపడిన మాట అదే. అది వచ్చింది, గదిలో కాసేపు తిరిగింది, పోయింది. ఆయన నురగ కలుపుతూనే ఉన్నాడు.

“అవునండీ,” అన్నాడు, “మావాడే.” బావమరిది వాచిన చెవిని రెండు వేళ్లతో మెల్లగా పక్కకు వంచి పట్టుకుని, కత్తి ఆనించాడు.