వెనకొచ్చిన చెవి

షెడ్డులో అందరూ అతన్ని చెవి మేస్త్రి అనేవారు. నడుస్తున్న లారీ ఇంజను మీద పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడిని కుడి చెవికి నొక్కుకుని, కళ్ళు మూసుకునేవాడు. అంతే. లోపల ఏది అరిగిందో చెప్పేసేవాడు. విప్పి చూస్తే అదే. డ్రైవర్లు అతనంటే చెవి కోసుకునేవారు.

అలాంటివాడికి బావమరిది మీద కడుపుమంట పుట్టింది.

బావమరిది, అంటే భార్య తమ్ముడు, పనిచేసేదీ ఆ షెడ్డులోనే. జ్వరమొచ్చి రెండు చెవులూ పోతే, కొన్నేళ్ళు ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాటలు పోల్చుకుంటూ బతికాడు. అప్పుడు మేస్త్రికి వాడంటే ప్రాణం. జాలిపడడానికి ఒకడుంటే ఎవరికి చేదు? తర్వాత ఆసుపత్రిలో వాడి చెవి వెనక కోసి లోపల ఏదో అమర్చారు. బయట గుండీ అంత బిళ్ళ, అయస్కాంతంతో తలకి అతుక్కుంటుంది. మొదట్లో మనుషుల గొంతులన్నీ రేకుడబ్బాలో గులకరాళ్ళలా వినిపించాయట. వదలకుండా సాధన చేశాడు. ఇప్పుడు బిళ్ళని ఫోనుకి కలుపుకుని, ఇంజను రొదలో అక్కర్లేని చప్పుడు తగ్గించి, కావలసింది పెంచుకుని వింటున్నాడు.

ఒకరోజు పాత లారీ వచ్చింది. మేస్త్రి విని, "పిస్టను" అన్నాడు.

"కాదు బావా, నీళ్ళ పంపు," అన్నాడు బావమరిది దూరం నుంచే.

విప్పారు. నీళ్ళ పంపే.

డ్రైవరు పడీపడీ నవ్వాడు. "ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా మేస్త్రీ! కోతికి తోక ఊడి మనిషైంది. రేపు మనకి చెవులూడి ఇంకేదో అవుతాం. బిళ్ళలున్నోళ్ళే మిగుల్తారు."

"మరి తోక ఊడని కోతులేమయ్యాయిరా?" అన్నాడు మేస్త్రి.

"ఏమవుతాయి? చెట్టు మీదే ఉన్నాయిగా!"

ఆ మాట మేస్త్రికి అన్నం సయించనివ్వలేదు. ఇంట్లో భార్య "మా తమ్ముడు..." అని మొదలెట్టగానే కంచం ముందు నుంచి లేచాడు.

"ఏంటండీ, వాడి చెవి బాగుపడితే మీకు నొప్పా?"

నొప్పే. అతని ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడిదీ పోతోంది. ఎవరికీ తెలియదు. తెలిస్తే ఇంజను దగ్గరికి అతన్నెవరు పిలుస్తారు?

మర్నాడు మధ్యాహ్నం బావమరిది బిళ్ళ తీసి కిటికీలో పెట్టి, మొహం కడుక్కోడానికి వెళ్ళాడు. మేస్త్రి అటూ ఇటూ చూసి దాన్ని తన చెవి వెనక పెట్టుకున్నాడు. జారింది. గట్టిగా నొక్కాడు. మళ్ళీ జారి, పక్కనున్న ఇనప పానాల పెట్టె మీద పడి టక్కున అతుక్కుంది. అది అంటుకోవాలంటే తల లోపల దాని జోడు ఉండాలి. అతని తలలో ఏమీ లేదు. పానాల పెట్టెకున్న పాటి యోగ్యత కూడా లేకపోయింది!

తలెత్తితే ఎదురుగా బావమరిది, తడి మొహంతో. బిళ్ళ లేదు కదా, వాడికి వినబడదన్న ధైర్యంతో మేస్త్రి ఉన్న కసంతా కక్కాడు.

"నీ జ్వరం నాకొచ్చినా బాగుండేదిరా. నాకు వినపడి చావట్లేదు. నీ మొహం చూస్తే ఒళ్ళు మండుతోంది."

వాడు కళ్ళార్పకుండా చూశాడు. "ఎన్నాళ్ళనుంచి బావా?"

పెదాల సంగతి మేస్త్రి మరిచేపోయాడు.

సాయంత్రం ఇంకో లారీ వచ్చింది. బావమరిది స్క్రూడ్రైవరు తెచ్చి అతని చేతికే ఇచ్చాడు. తను బిళ్ళ పెట్టుకుని ఇంజనుకి అవతల నిలబడి, కాసేపు విని, గొంతు రానీయకుండా పెదాలు కదిపాడు. మేస్త్రి ఈసారి కళ్ళు మూసుకోలేదు.

"వాల్వు," అన్నాడు గట్టిగా.

విప్పితే అదే. "పుట్టుచెవి పుట్టుచెవేనయ్యా!" అని డ్రైవరు వీపు తట్టాడు.

అవతల బావమరిది నవ్వుతున్నాడు. అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని మేస్త్రి వెతికాడు. లేదు. ఇంకా మండింది. ఈ పాడు మంచితనం కూడా వీడికే ఇవ్వాలా!

బావమరిది పెదాలు మళ్ళీ కదిలాయి. "రేపు ఆసుపత్రికెళ్దాం బావా. నీకూ పెట్టిద్దాం."

"ఏంటీ?" అన్నాడు మేస్త్రి, అర్థమయ్యీ.