రెయిలింగు ముట్టని మనిషి

మూడు రోజుల ముసురు ఆ ఉదయం కాస్త తెరిపిచ్చింది. సబ్బవరంలో మా వంగతోటలో నీళ్లు నిలబడిపోయాయి. మొక్కల మొదళ్లు కుళ్లకముందే ఆ నీళ్లు దించెయ్యాలని పార పట్టుకుని గట్లకు మడవలు తెగ్గొడుతున్నాను. గట్టు మీద చొక్కా జేబులో ఫోను మోగింది. నా చేతులు బురదగా ఉన్నాయని మా ఆవిడ తీసి చెవి దగ్గర పెట్టింది. పెందుర్తి నుంచి అప్ప. అప్ప అంటే మా అక్క.

"మీ బావ ఎలిపోనాడ్రా," అంది.

ఎక్కడికి అని అడగబోయి ఆగాను.

"మెట్లు కడిగీసి, తుడిసీసి, కుర్సీలో కూకున్నాడు. టీ అట్టుకెల్లేను. అందుకోలేదు."

గొంతులో ఏడుపు లేదు. మిగిలిన మడవ కూడా తెగ్గొట్టి, కాళ్లు కడుక్కుని బయలుదేరాను. బస్సులో కూర్చున్నాక గానీ ఆ మాట నాకు పూర్తిగా అందలేదు.

బావ యాట్ల మీద పనిచేసిన మనిషి. యాట్ అంటే బాగా ఉన్నవాళ్లు షికారుకి ఉంచుకునే సొంత ఓడ. ఆయన చేసినవి వాటిలోనూ పెద్దవి, సూపర్ యాట్లు అంటారు, మూడు నాలుగు అంతస్తులుంటాయి. బావ మాత్రం ఎంత పెద్దదాన్నయినా బోటు అనే అనేవాడు. కుర్రతనంలో విశాఖ పోర్టులో ఓడలకి తుప్పు గీకి రంగు వేసేవాడు. తర్వాత ఒక ఏజెంటు ద్వారా గల్ఫ్ వెళ్లి, అక్కడి నుంచి ఆ బోట్లలో కుదిరాడు. పద్దెనిమిదేళ్లు చేశాడు. ఏడాదికి ఒక నెల ఇంటికొచ్చేవాడు.

ఆ పనికి ఒక పద్ధతి ఉందట. ఎవరూ లేవకముందే బోటుని పైనుంచి కింది దాకా మంచినీళ్లతో కడగాలి. కడిగి వదిలెయ్యకూడదు. నీటిబొట్టు ఆరితే మచ్చ పడుతుంది కాబట్టి ఆరేలోపు మెత్తటి తోలుగుడ్డతో తుడవాలి. డెక్కు మీది టేకు చెక్కని చారలకి అడ్డంగా తోమాలి. చారల వెంట తోమితే మెత్తటి భాగం లేచిపోతుంది. చెప్పులతో ఎక్కకూడదు. రంగుకి గీసుకుంటుందని బెల్టు పెట్టకూడదు. ఉంగరమూ అంతే. పెళ్లినాడు చర్చిలో తొడిగిన ఉంగరం అప్ప బీరువాలోనే ఉండేది. అన్నిటికన్నా ముఖ్యం, పనివాళ్లు స్టీలు రెయిలింగు ముట్టుకోకూడదు. అతిథులు ముట్టుకుంటారు. వాళ్లు చెయ్యి తీసి అటు తిరగ్గానే ఆ వేలిముద్రలు తుడిచెయ్యాలి. తుడిచినట్టు వాళ్లకి తెలియకూడదు.

"నడిసినోడూ కనపడకూడదు, నడిసినట్టూ కనపడకూడదు. అదీ మా పని," అనేవాడు.

ఒకసారి అడిగాను. "ఓనరు ఏడాదికి ఎన్నాల్లుంటాడు బావా బోటు మీద?"

"ఒకోసారి రెండు వారాలు. ఒకోసారి అదీ లేదు."

"మరి రోజూ కడగడం దేనికి?"

"రేపొత్తే?" అన్నాడు.

ఆ అలవాట్లు ఇంటికి కూడా వచ్చాయి. పెందుర్తి నుంచి విశాఖ ఆర్టీసీ కాంప్లెక్సుకి వెళ్లే బస్సులో పైనున్న కమ్మీ పట్టుకునేవాడు కాదు. కాళ్లు కొంచెం ఎడంగా పెట్టి, మోకాళ్లు వదులుగా ఉంచి నిలబడేవాడు. బ్రేకు పడితే అందరూ ఒకరి మీద ఒకరు పడేవారు. బావ ఒకసారి ఊగి మళ్లీ నిలబడేవాడు.

"ఏటి మాస్టారూ, సర్కస్‌లో సేసేరేటి?" అన్నాడు ఒక కండక్టరు.

"సముద్రం మీద సేసేను."

"అయితే మా గోతులు మీకో లెక్కేటి!" అని నవ్వి టిక్కెట్టు ఇచ్చాడు.

తలుపుల్ని మోచేత్తో తోసేవాడు. మా ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు మా ఆవిడ దాన్ని తప్పుగా అనుకుంది. మన తలుపు మురికని ముట్టుకోవడం లేదంది. అది కాదని నచ్చచెప్పడానికి నాకు చాలా సేపు పట్టింది.

పని మానేసి వచ్చాక పెందుర్తిలో ఇల్లు కట్టుకున్నాడు. కింద అద్దెకిచ్చి పైన ఉండేవారు. మెట్లకి స్టీలు రెయిలింగు వేయించాడు. వెల్డింగు చేసేవాడి పక్కనే నిలబడి అతుకులన్నీ నున్నగా పట్టించాడు. రోజూ పొద్దున్నే మెట్లు కడిగి, తుడిచి, ఆ రెయిలింగుని తోలుగుడ్డతో తోమేవాడు. సముద్రం అక్కడికి దూరం. ఆ మాటే అంటే, "ఉప్పు కనపడదు, వొచ్చి కూకుంటాది," అనేవాడు.

అప్పకి ఒకటే కోరిక ఉండేది. ఆయన అన్నేళ్లు బతికిన చోటు కళ్లారా చూడాలి.

ఆ బోట్ల మీద ఫోటోలు తియ్యకూడదు. తీయబోమని ముందే సంతకం పెట్టించుకుంటారట. అందువల్ల పద్దెనిమిదేళ్లలో ఆమె ఒక్క ఫోటో కూడా చూడలేదు. ఆయన ఎక్కడ పడుకుంటాడో, ఎక్కడ తింటాడో తెలీదు. కుళాయి దగ్గర ఒకావిడ, "ఫోనులే గాని ఫోటో లేదేటమ్మా? అక్కడింకో ఇల్లుందేటి?" అని నవ్విందట. అప్ప కూడా నవ్వేసిందట. నాతో చెప్పినప్పుడు మాత్రం నవ్వలేదు.

"ఎలాగుంటాదో సెప్పు," అని బావని అడిగేది.

"తెల్లగుంటాది."

"తెల్లగుండి?"

"తెల్లగుంటాది, అంతే. ఎప్పుడో సూపిత్తాన్లే."

ఎక్కడ చూపిస్తాడు? మా పోర్టుకి వచ్చేవి బొగ్గు ఓడలు, ఇనప రాయి ఓడలు.

నాలుగేళ్ల కిందట అలాంటి బోటు ఒకటి వచ్చింది. ఎక్కడి నుంచో ఎక్కడికో పోతూ ఇంజిను చెడి మరమ్మతుకి ఆగింది. ఓనరు లేడు. మా పోర్టులో గాలి తిరిగితే చాలు, బొగ్గు దుమ్ము వచ్చి పడుతుంది. కడిగిన గంటకి బోటు మళ్లీ నల్లబడుతోంది. ఉన్న మనుషులు చాలడం లేదు. ఈ పని తెలిసినవాడు ఊళ్లో ఎవరైనా ఉన్నారా అని ఏజెంటు వాకబు చేస్తే బావ దొరికాడు. గుడ్డలు పిండడానికి బావ నన్ను కూడా పెట్టించాడు. రెండో రోజు కెప్టెనుని అడిగాడు, తన భార్య ఒకసారి ఎక్కి చూడొచ్చా అని. ఓనరు లేడు కదా, తీసుకురా అన్నాడాయన. ఏజెంటు పాసు తీయించాడు.

అప్ప చర్చికి కట్టుకునే చీర కట్టుకొచ్చింది.

"ఏటా సీర? పెల్లికెల్తన్నావా?" అన్నాడు బావ.

"బోటు నీ పెల్లానికి సూపిత్తావా, పనిమనిసికి సూపిత్తావా?"

ఎక్కే చోట ఒక బుట్ట ఉంది. చెప్పులు అందులో విడిచి ఎక్కాలి. అప్ప గుడి మెట్టులా ఉందే అనబోయి, మనం అనకూడదులే అని తనే నవ్వింది. టేకు చెక్క మీద ఒట్టికాళ్లతో నాలుగడుగులు వేసి, "మెత్తగుందిరా," అంది నాతో. సోఫాలున్న పెద్ద గదిని గుమ్మంలోంచే చూసింది. లోపలికి రమ్మన్నా వెళ్లలేదు. అవన్నీ ఆమెకి అక్కర్లేదు.

"నువ్వెక్కడ తొంగునీవోడివి?" అని అడిగింది.

బావ కిందికి తీసుకెళ్లాడు. కిటికీ లేని చిన్న గది. ఒకదాని మీద ఒకటి రెండు మంచాలు. "నాదీ ఇలాటిదే. మీదది," అన్నాడు. అప్ప కింది మంచం మీద కూర్చుంది. దాని వెడల్పు చేత్తో చూసింది. తల ఎత్తితే పై మంచం తగులుతోంది.

"ఒల్లు తిప్పుకోడానికే లేదు. ఇంకో మనిసెక్కడ పడతాది," అంది.

బావకి ఆ మాట అర్థం కాలేదు. నాకు అర్థమైంది. కుళాయి దగ్గరి మాట ఆ గదిలో తీరిపోయింది.

పైకి వచ్చాక ఆమె మొహం తేలిగ్గా ఉంది. రెయిలింగు దగ్గర నిలబడి రెండు చేతులూ దాని మీద వేసి, డాల్ఫిన్ నోస్ కొండ వైపు చూసింది. "ఇక్కడ నిలబడి మమ్మల్ని తల్సుకునీవోడివా?" అని అడిగింది. ఇక్కడ మేం నిలబడకూడదే, అన్నాడు బావ. ఏ బోటు ఎక్కడెక్కడ తిరిగిందో చెబుతున్నాడు. చాలా ఏళ్లకి ఆయన అంత మాట్లాడటం చూశాను. అప్ప రెండడుగులు పక్కకి జరిగింది. బావ మాట ఆపకుండానే భుజం మీది తోలుగుడ్డ తీసి, ఆమె చేతులున్న చోటు తుడిచాడు. ఆమె మళ్లీ చెయ్యి వేసింది. మళ్లీ జరిగింది. మళ్లీ తుడిచాడు. మూడోసారి అప్ప కావాలనే అరచెయ్యి గట్టిగా అదిమి, తీసి, ఆయన్నే చూస్తూ నిలబడింది. ఆయన కొండ వైపు చూపిస్తూ మాట్లాడుతూనే ఉన్నాడు. ఆ చెయ్యి తన పని తాను చేసింది.

"సూసీసేన్లే. బేగి ఎల్తాను," అని అప్ప దిగి, బుట్టలో చెప్పులు వెతుక్కుంది.

గేటు దాకా నేను వెంట వెళ్లాను.

"నా సెయ్యి అంటిన కాడల్లా తుడిసేత్తన్నాడ్రా."

"అలవాటప్పా."

"నానూ అదే అంటన్నాను," అంది.

తిరిగొచ్చేసరికి బావ, "ఏటైంది మీ అప్పకి?" అని అడిగాడు. చెప్పాను. "నానా? ఎప్పుడు?" అన్నాడు. చేతిలో గుడ్డ వైపు చూశాడు. తర్వాత బకెట్టు తీసుకుని వెనక్కి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు.

అప్పటి నుంచి అప్ప మెట్లు దిగేటప్పుడు రెయిలింగు పట్టుకోవడం మానేసింది. గోడవారగా దిగేది. అప్పటికే ఆమెకి మోకాళ్ల నొప్పులు.

"అట్టుకోయే, పడతావు," అనేవాడు బావ.

"మరకడతాది," అనేది. నవ్వుతూనే అనేది.

పోట్లాట ఏమీ లేదు. ఇద్దరూ కలిసే చర్చికి వెళ్లేవారు, కలిసే తినేవారు. ఆయన చేపలు శుభ్రం చేస్తే ఆమె కూర వండేది. ఒక్క రెయిలింగు దగ్గరే ఆ మాట అలా ఉండిపోయింది.

కిందటి వేసవిలో వెళ్తే రెయిలింగు మసకబారి ఉంది. అక్కడక్కడ టీ రంగు మచ్చలు. బావ మెట్లు కడిగి, తుడిచి, దాన్ని వదిలేసి పైకి వచ్చాడు. గుడ్డ భుజం మీదే ఉంది.

"రెయిలింగు మానీసేవేటి బావా?"

"మానీసేను."

"పాడైపోదేటి?"

భుజం మీది గుడ్డ తీసి మడత పెట్టాడు. తర్వాత, "ఎవులైనా అట్టుకుంటే, అట్టుకున్నట్టు తెలియాల," అన్నాడు.

రోజూ మెట్లు కడిగేటప్పుడు వంగి దానివైపు చూసేవాడు. నేను ఉన్న రెండు రోజులూ చూశాడు. కింద అద్దెకున్నవాళ్ల పిల్లల చేతి ముద్రలు కింది వరసలో ఉండేవి. పై కడ్డీ మీద ఏమీ ఉండేది కాదు.

బావని పెట్టెలో పెట్టి కిందికి దించిన రోజు మళ్లీ వాన పట్టుకుంది. మెట్లు ఇరుకు. మోసేవాళ్లు తడి చేతులతో రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టు దించారు. వెనకాల అప్ప గోడవారగానే దిగింది. సమాధుల తోటలో ఎర్రమట్టి కాళ్లకి అంటుకుని ఎవరి అడుగు ఎవరిదో తెలియలేదు. అంతకుముందు ఇంట్లో పెట్టె మూసేటప్పుడు, వేలికి ఉంగరం పెట్టి పంపాలని ఎవరో అన్నారు. అప్ప బీరువాలోంచి తెచ్చింది. అది ఆయన వేలికి పట్టలేదు. మళ్లీ తీసుకెళ్లి బీరువాలో పెట్టింది.

మూడో రోజున ఇంటి దగ్గర ఆదరణ కూడిక జరిగింది. పాస్టరుగారు ఆయన్ని నమ్మకమైన పనివాడు అన్నారు. ఎదురింటి ఆవిడ లేచి, ఆయన రోజూ మెట్లు కడుగుతారని ఇన్నాళ్లూ తనకి తెలీదనీ, ఆ మెట్లు తడిగా ఉండగా ఎప్పుడూ చూడలేదనీ చెప్పింది. నాకు ఆ మాట బాగుందనిపించింది. బావ వింటే సంతోషించేవాడు.

అందరూ భోజనాలు చేస్తుండగా అప్ప, నేను పై మెట్టు దగ్గర కూర్చున్నాం.

"నీ మోకాళ్లతో ఆ గోడవార దిగడమేటప్పా," అన్నాను.

"ఆయన ఉన్నప్పుడు అలాగ దిగీదాన్ని. ఆయన ఊల్లోకెల్తే అట్టుకునే దిగీదాన్ని. తర్వాత కొంగుతో తుడిసీసేదాన్ని."

చెప్పాలా వద్దా అని ఆలోచించి, చెప్పాను. ఆయన తుడవడం ఎందుకు మానేశాడో, రోజూ వంగి ఏం చూసేవాడో.

"తెలుసు," అంది.

"తెలిసీ తుడిసీసేవా?"

"కొన్నాల్లు ఎతకనీ అనుకున్నాను. ఈ దీపావలి ఎల్లేక అట్టుకుందారిలే అనుకున్నాను."

దీపావళి మాకు పండగ కాదు. వానలు వెళ్లిపోయే రోజుల్ని మా వైపు అలా చెబుతారు.

పాస్టరుగారు వెళ్తానంటే, గేటు దాకా దించడానికి అప్ప లేచింది. కుడిచెయ్యి రెయిలింగు మీద వేసింది. వేసిన చెయ్యి జరుపుతూ కాదు, ఎత్తి ఎత్తి వేస్తూ దిగింది. కిందికి వెళ్లి మళ్లీ ఎక్కేటప్పుడూ అంతే. కొంగు నడుముకి దోపుకుని ఉంది. వానగాలికి తేమ పట్టిన ఆ మసక స్టీలు మీద పై నుంచి కింది దాకా అరచేతులు కనిపించాయి.

పాస్టరుగారు మూడింటికి వెళ్లారు. ఎదురింటావిడ గిన్నెలు కడిగించి నాలుగింటికి వెళ్లింది. చీకటి పడకముందు నేను సబ్బవరం బస్సెక్కాను.