కర్దనూర్‌లో పెట్టిన బొట్టు

చేతిలో ఉన్న ఈ చాయ్ గ్లాసు మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ఒక్క అక్షరం కూడా కల్పన కాదు. నన్నెరిగినవాళ్లు ఇక్కడే నవ్వడం మొదలుపెడతారని తెలుసు, నవ్వనివ్వండి.

మొన్న ఆదివారం అమీన్‌పూర్‌లో మా ఎదురు ఫ్లాటు అమ్మాయి తన ఫోన్ తెచ్చి చూపించింది. విదేశాల నుంచి చదువుకోవడానికి ఇక్కడికొచ్చే విద్యార్థుల బాగోగులు చూసే కోఆర్డినేటర్ ఉద్యోగం ఆమెది, ఒకప్పుడు అది నాది. ఇప్పుడు వాళ్లకు కావలసినవన్నీ ఫోన్‌లోనే ఉంటాయట. ఎవరైనా నుదుట బొట్టు పెడితే దాని అర్థమేమిటో కూడా అందులో రాసి ఉంది. చదివి తిరిగిచ్చేశాను.

మా రోజుల్లో ఆ ఫోన్ నేనే. పటాన్‌చెరు దగ్గర వ్యవసాయ పరిశోధన చదువుకు ఏటా ఆరేసి నెలలు ఉండేలా పన్నెండేసి మంది వచ్చేవాళ్లు. వాళ్ల సిమ్ కార్డులు, సంగారెడ్డి పోలీసు కార్యాలయంలో పేర్ల నమోదు, మిరపకాయ కొరికినవాడికి పెరుగు, ఇంటి మీద బెంగపడ్డవాడికి కబుర్లు, అన్నీ నా పనే. కబుర్లకు నా దగ్గర కొదవలేదు. మా పోతిరెడ్డిపల్లిలో ఒక కోడిపుంజు ఫ్యాక్టరీ షిఫ్టు మారినప్పుడల్లా కూసేదని చెబితే, ఒకడు శ్రద్ధగా నోటుబుక్కులో రాసుకున్నాడు కూడా.

ఒక ఏడాది వచ్చినవాళ్లలో ఒక ఫిన్లాండ్ పిల్ల ఉండేది. కర్దనూర్‌లో ఆడవాళ్లు విత్తనాలు ఎలా దాచుకుంటారో ఇరవై ఇళ్లలో అడిగి రాయాలి, అది పూర్తికాకపోతే ఆమె ఆరు నెలల చదువూ వృథా. తిరుగు ప్రయాణం పది రోజుల్లోకి వచ్చేసరికి ఇంకా పదకొండు ఇళ్లు మిగిలే ఉన్నాయి. సరిగ్గా అప్పుడే, ఊళ్లో అందరూ మాట వినే ఒక పెద్దమ్మ, ఆదివారం మనవడి తొట్టెల వేడుకకు రమ్మని ఆ పిల్లకు బొట్టు పెట్టింది. పిల్ల నవ్వి, దండం పెట్టి, హాస్టల్‌కు వచ్చి, నాతో ఒక్క మాటైనా అనకుండా ఆ సంగతే మరిచిపోయింది.

సోమవారం నేనూ ఆ పిల్లా వెళ్లేసరికి ఏ ఇంటి తలుపూ తెరిచి లేదు. పెద్దమ్మ అరుగు మీద కూర్చుని నన్నే చూస్తూ అంది: "బొట్టు వెట్టి పిలిస్తె రాకపాయె. ఇస్తరేసి పొద్దుగూకేదాక చూసిన. ఇగ ఆమెతోని మాకేం మాటలున్నయి, నువ్వే చెప్పు బిడ్డా."

నేను అక్కడికక్కడే పిల్ల చెవిలో ఒక తెలుగు వాక్యం చెప్పాను. ఆమె నా వంక ఒకసారి చూసి, మెల్లగా పలికింది: "తప్పు నాదే, పెద్దమ్మా."

"గిది మంచిగనే నేర్సింది," అని పెద్దమ్మ లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

తిరిగి వస్తూ దారిలో ఆ పిల్ల పటాన్‌చెరులో బండి ఆపించి కుంకుమ డబ్బా కొనుక్కుంది. మర్నాడు పొద్దున్నే ఒక్కతే వెళ్లి, పెద్దమ్మతో మొదలుపెట్టి ఇంటింటికీ తిరిగి బొట్టు పెట్టి, గురువారం హాస్టల్‌కు భోజనానికి రమ్మని పిలిచింది. పెట్టిన బొట్టు తుడుచుకోలేరు, పిలిచాక రాకుండా ఉండలేరు. "మా దెబ్బ మాకే కొట్టింది పోరి," అందట పెద్దమ్మ.

గురువారం పన్నెండు మందీ కలిసి అన్నం మెత్తగా, పప్పు పలుచగా వండారు. ఒంటిగంట దాటినా ఎవరూ రాలేదు, పిల్ల గేటు దగ్గర నుంచి కదల్లేదు. అప్పుడొచ్చింది ట్రాలీ ఆటో, అందులో పంతొమ్మిది మంది ఆడవాళ్లు, ఆ వెనకే తాడు తెంపుకుని పెద్దమ్మ బర్రె. పిలవకుండా వచ్చింది అదొక్కటే. తిన్నాక వరండాలో కూర్చుని, మిగిలిన పదకొండు ఇళ్ల విత్తనాల సంగతులూ సాయంత్రంలోగా చెప్పేశారు.

"మేమైతె పిలిస్తె వచ్చేటోళ్లం, తల్లీ," అని పెద్దమ్మ ఆమె గడ్డం పట్టుకుని ఊపింది. "ఈసారి నువ్వు గూడ గట్లనే రావాలె."

ఇప్పుడిక ఎవరూ అలా గేటు దగ్గర నిలబడి ఎదురుచూడవలసిన పని లేదు. ఫోన్ తప్పు చెప్పదు, మంచిదే. ఒట్టేశాను గనుక, నేను కల్పించినదేమిటో కూడా చెప్పాలి. బర్రె నిజం, కోడిపుంజు దాదాపు నిజం. పిల్ల మరిచిపోయిందన్నదే అబద్ధం. బొట్టు పెట్టిన వెంటనే పెద్దమ్మ మాటలు అర్థంకాక ఆమె నాకు ఫోన్ చేసి, ఇదేమిటి అన్నా, అని అడిగింది. పోలీసు కార్యాలయం లైనులో కాగితాలతో సతమతమవుతున్న నేను, ఎవరు, ఎందుకు అని అడగకుండానే, అది ఉత్త పలకరింపేనని, దండం పెట్టి వచ్చేయమన్నాను. అరుగు ముందు ఆమె చెవిలో నేను చెప్పిన వాక్యం నేను అనవలసింది. ఆ తప్పు నాదని ఆమె ఎవరికీ చెప్పలేదు, నన్నూ నిలదీయలేదు. నేనైతే ఇదిగో, ఆ వాక్యం ఇప్పుడు అంటున్నాను.