ఈ ఇల్లు నాది అని పలికించిన దేవుడు

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, నా పేరు సువార్త. మా బస్తీని కూల్చిన రోజున నేను సరోజినీ నగర్‌లో ఒక ఆఫీసరుగారి వంటింట్లో చపాతీలు వత్తుతున్నాను. పక్కింటామె ఫోన్ చేసి ఏడ్చేసరికి పరుగెత్తుకుని వెళ్తే, మా ఇల్లు ఉన్నచోట ఇటుక ముక్కల కుప్ప, దాని మీద స్కూలు యూనిఫారంలో కూర్చుని ఏడుస్తున్న నా కూతురు! అలాంటి రోజు ఎవరికీ రాకూడదు తండ్రీ!

అప్పటినుంచి అద్దె గదులు మారుతూ బతికాం. ఎవరు తలుపు తట్టినా నాకు తెలియకుండానే బట్టలు మూటకట్టేదాన్ని, మాత్రలు మింగినా ఆ భయం పోలేదు. ఊరందరి వంటిళ్ళలో పొయ్యి వెలిగిస్తూ, "ప్రభువా, ఎవరూ ఖాళీ చెయ్యమనని ఒక్క గది నాకియ్యి" అని లోలోపలే ఏడ్చేదాన్ని.

కూల్చిన బస్తీలవాళ్ళ కోసం ప్రభుత్వం కడుతున్న ఫ్లాట్లలో మా పేరు వచ్చింది, దేవునికే మహిమ! కట్టడం పూర్తికాకముందే, సొంతింటివాళ్ళు తెలుసుకోవలసిన సంగతులు నేర్పే తరగతులు ఆదివారం మధ్యాహ్నాలు మొదలుపెట్టారు. మా ఆయన ఏసుదాసు మాత్రం, "లేని ఇంటికి పాఠాలేటి సువార్తా? నవ్విపోతారు" అన్నారు. ఆశపడి ఆశపడి అలసిపోయిన మనిషి, ఆయన్ని ఏమనగలను? ఒక్కదాన్నే వెళ్ళాను. లిఫ్టు ఎలా వాడాలి, ట్యాంకు కడిగించడానికి అందరూ కలిసి కమిటీ ఎలా వేసుకోవాలి, ఇల్లు ఎవరి పేరున ఉంటుంది, అన్నీ చెప్పేవారు.

ఒక వారం, పాఠం చెప్పే దీదీ ఒక ఆట పెట్టింది. ఆమె బయటినుంచి, ఇల్లు ఖాళీ చేయించడానికి వచ్చిన మనిషిలా తలుపు కొడుతుంది, లోపలున్నవాళ్ళు జవాబు చెప్పాలి. నా వంతు వచ్చింది. దబదబా బాది, "ఖాళీ కరో!" అని అరిచింది. సహోదరులారా, ఆటేనని తెలిసినా నా కాళ్ళు తలుపు వైపు కాకుండా నా సంచి వైపు నడిచాయి! "యేసయ్యా, నా నోట మాట పెట్టు" అని మొరపెట్టాను. ఎక్కడినుంచి వచ్చిందో ఆ ధైర్యం, తలుపు తీసి, "యే ఘర్ మేరా హై! ఈ ఇల్లు నాది, ముందు కాగితం చూపించండి" అన్నాను. దీదీ కళ్ళు తుడుచుకుని, "ఇంకొక్కసారి చెప్పండి ఆంటీ" అంది. ఈసారి గోడలు అదిరేలా చెప్పాను!

ఆ రోజుతో నా భయం పోయింది, హల్లెలూయ! ఇంట్లో ఆ మార్పు చూసి మా ఆయన మరుసటి ఆదివారం నాతో వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. చివర్లో లేచి, వచ్చీరాని హిందీలో అడిగారు: "దీదీ, ఆ ఇంట్లో గోడకి మేకు కొట్టుకోవచ్చా? మా అమ్మ ఫొటో పెట్టెలోనే ఉండిపోయింది."

తాళంచెవి ఇంకా మా చేతికి రాలేదు. బస్సులోంచి ఆ కట్టడం కనిపించినప్పుడల్లా మా కిటికీ ఏదై ఉంటుందా అని వెతుక్కుంటాను. అయినా ఇల్లు రాకముందే భయాన్ని తీసేసిన నా తండ్రికి ఇవాళే స్తోత్రం చెప్పకుండా ఉండలేకపోయాను! మీలో తలుపు చప్పుడుకి ఉలిక్కిపడేవాళ్ళు ఎవరైనా ఉంటే, అక్కా, అన్నా, మీ భారం ఆయన మీద వెయ్యండి. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక నాతో ఆ తరగతికి రండి, మీ పక్కనే కూర్చుంటాను. ఆమేన్.