అరంగుళం సందు

తలుపుల మేస్త్రికి డెబ్బై నిండగానే కొడుకు దుకాణంలో ఉలి ముట్టనివ్వలేదు. "ఇక హాయిగా కూర్చో నాన్నా" అన్నాడు. కూర్చోవడంలో హాయి ఏముందో మూడు రోజులు వెతికినా మేస్త్రికి దొరకలేదు. నాలుగో రోజు పనిసంచీ భుజాన వేసుకుని, లేనివాళ్లకు చవగ్గా ఇళ్లు కట్టించే సొసైటీ గేటు ముందు నిలబడ్డాడు. "జీతం వద్దు, తలుపులు నాకొదిలేయండి" అన్నాడు. ఎవరు కాదంటారు? ఐదేళ్లలో ఇరవై రెండు ఇళ్లకు గుమ్మాలూ తలుపులూ తనే చేసిపెట్టాడు. ఇంట్లో భార్య మాత్రం "మన వంటింటి తలుపు కిర్రుమంటోంది. అదీ సొసైటీకి రాసిచ్చేస్తే బాగుపడుతుందేమో" అని దెప్పేది. అందులో నిజం ఉంది కాబట్టి ఆయన వినపడనట్టే ఉండేవాడు.

సొసైటీలో ఒక పద్ధతి ఉంది. ఇల్లు ఎవరికి వస్తుందో వాళ్లు కూడా ఆ ఇంటి పనిలో ఒక చేయి వేయాలి. ఇరవై మూడో ఇల్లు ఇద్దరు ఆడపిల్లలున్న ఒక దర్జీ అమ్మాయిది. మధ్యాహ్నాలు షెడ్డుకొచ్చి, మేస్త్రి పక్కన కూర్చుని తలుపులకు గరుకు కాగితం పట్టేది. తానుంటున్న అద్దెగది సంగతులు చెప్పేది. అక్కడ పదకొండు కుటుంబాలకు ఒకటే స్నానాలగది. దానికి గడియ లేదు. ఒక కాలు తలుపుకు అడ్డం పెట్టి నీళ్లు పోసుకోవాలి.

"కొంగయినా అంతసేపు నిలబడదు బాబాయ్" అని నవ్వేది. మేస్త్రికి నవ్వొచ్చేది కాదు. పిల్లలు పెద్దవాళ్లవుతున్నారని ఆ అమ్మాయి దిగులు.

ఆదివారం కొత్తింట్లోకి దిగాలి. పాత గదిలోకి అదే రోజు వేరేవాళ్లు వస్తున్నారు.

ఈసారి పని త్వరగా తెమలాలని గుమ్మాలు బయట కార్ఖానాలో చేయించారు. తలుపుల వెడల్పు కార్ఖానావాళ్లు కాగితం మీద రాసిస్తే, ఆ కొలతకు మేస్త్రి షెడ్డులో తలుపులు చేశాడు. బుధవారం తీరా బిగించబోతే, ఐదు తలుపులకూ పక్కన అరంగుళం సందు! స్నానాలగది తలుపు సందులోంచి లోపలి కుళాయి కనిపిస్తోంది.

"గుమ్మాలు తప్పు" అనేశాడు మేస్త్రి. యాభై ఏళ్ల చెయ్యి తప్పంటే నమ్మేదెవరు? సైటు చూసుకునే ఇంజనీరమ్మ కార్ఖానాకు ఫోన్ చేసి కడిగేసింది. గుమ్మాలు పీకి వెనక్కి పంపాలి, కొత్తవి రావడానికి నెల పడుతుంది. "ఆదివారం కుదరదమ్మా" అని ఆమె చెబితే, దర్జీ అమ్మాయి చేతిలోని గరుకు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి మళ్లీ విప్పింది.

కాసేపటికి తనే మాట కలిపింది. "మీ స్కేలు ఎన్నాళ్లది బాబాయ్?"

"నా పెళ్లికంటే ముందుది."

"అమ్మో! మా టేపులు సాగిపోతాయని ఏడాదికోసారి పారేస్తాం. లేకపోతే జాకెట్లన్నీ వదులే."

"కర్ర సాగుతుందా, పిచ్చిపిల్లా!" అని నవ్వబోయాడు మేస్త్రి. కర్ర సాగదు, అరుగుతుంది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఆ అమ్మాయి మంచినీళ్లకు వెళ్లినప్పుడు, ఇంజనీరమ్మ ఇనప టేపు పక్కన తన చెక్క స్కేలు పెట్టి చూశాడు. అంకెలు మొదలయ్యే కొసన ఇత్తడి మూత ఎప్పుడు ఊడిందో, అక్కడ పావంగుళం అరిగిపోయింది. రెండడుగుల స్కేలు కాబట్టి తలుపు వెడల్పుకు రెండుసార్లు పెట్టాలి, అంటే అరంగుళం. ఇన్నాళ్లూ గుమ్మమూ తలుపూ రెండూ ఆ స్కేలుతోనే కోశాడు. తప్పుకు తప్పు జతపడి ఒప్పుగా చెలామణీ అయింది.

నోరు మూసుకుంటే తెలిసేవాళ్లు లేరు. చెబితే, పెద్దాయనకు వయసు మీద పడిందని మర్యాదగా ఇంటికి పంపేస్తారు. మేస్త్రికి నిజంగానే భయం వేసింది. సిగ్గు మాత్రం అంతకంటే ఎక్కువే వేసింది. ఆడలేక మద్దెల ఓడన్న బాపతు తనేనా అనుకుంటూ లేచి వెళ్లాడు.

"అమ్మా, ఆ కార్ఖానావాళ్లకి మళ్లీ ఫోన్ కలపండి. నేనే క్షమించమని అడుగుతా. గుమ్మాలు బ్రహ్మాండంగా ఉన్నాయి. తప్పు నాది."

ఇంజనీరమ్మ స్కేలునీ ఆయన్నీ మార్చి మార్చి చూసింది. "సరే, ఇప్పుడేం చేద్దాం మేస్త్రిగారూ?" అంది.

పొమ్మంటుందనుకున్న మనిషి సలహా అడిగేసరికి ఆయన పాత స్కేలు తీసి సంచీ అడుగున పడేశాడు. "అంచులకు బద్దలు అతికిస్తానమ్మా. శనివారానికి పూర్తిచేస్తా. టేపు మాత్రం మీదివ్వండి."

ఇంట్లో సంగతి చెబితే భార్య పడీపడీ నవ్వింది. "అయితే ఇన్నేళ్లూ నన్ను కూడా ఆ స్కేలుతోనే కొలిచారన్నమాట!" అంది. మర్నాడు తనే షెడ్డుకొచ్చి, జిగురు ఆరేదాకా బద్దలు నొక్కిపట్టుకుంది. దర్జీ అమ్మాయి దుకాణం మూసేసి పొద్దున్నుంచీ అక్కడే ఉంది.

శనివారం మధ్యాహ్నం చివరిగా స్నానాలగది తలుపు బిగించాడు. సందు లేదు. ఆ అమ్మాయి లోపలికెళ్లి గడియ వేసుకుంది. నీళ్ల చప్పుడు లేదు, అలికిడి లేదు. చాలాసేపయింది. మేస్త్రి తలుపు దగ్గరికొచ్చాడు. ఇదీ తప్పేనా?

"గడియ గానీ ఇరుక్కుందా తల్లీ?"

"లేదు బాబాయ్, ఊరికే నిలబడ్డా" అంది లోపల్నుంచి. గొంతు తడిగా ఉంది. "బయట్నుంచి ఎవరూ తొయ్యట్లేదు. ఇంకాసేపు ఉండనా?"

"ఉండమ్మా, నీ ఇల్లే కదా" అన్నాడు మేస్త్రి.