హాన్‌రటీ మాస్టారు దిద్దిన చెయ్యి

కాన్ హాన్‌రటీ క్లాసుకి మొదటిరోజు వచ్చినవాళ్లలో సగం మంది రెండోరోజు వచ్చేవాళ్లు కాదు. షికాగోలో సరస్సు ఒడ్డునున్న ఆ చిత్రకళా పాఠశాలలో మిగతా మాస్టార్లందరూ సున్నపు విగ్రహాల ముందు కూర్చోబెట్టి ముక్కులూ చెవులూ గీయిస్తుంటే, ఇతను జూలై ఎండల్లో కబేళా నుంచి అర గొడ్డు మాంసం తెప్పించి దూలానికి వేలాడదీసేవాడు. ఈగలు ముసిరేవి. మూడోరోజుకల్లా ఆ వరండాలో నడవాలంటే ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకోవాల్సిందే. "కడుపులో తిప్పుతోందా? పోయి కక్కి రా. వచ్చి గియ్యి," అనేవాడు. ఆడపిల్ల అయినా అంతే, షావుకారు కొడుకైనా అంతే.

వాళ్ల నాన్న కబేళాలో సమ్మెట పనివాడు. పొద్దున్నించి సాయంత్రం దాకా గొడ్ల నుదుటి మీద సమ్మెట దించడమే పని. అన్న ఫిన్ పదమూడో ఏట అదే కబేళాలో చేరి, పెద్దయ్యాక వేలాడే పశువుని గొడ్డలితో నిలువునా చీల్చే పనిలో ఆరితేరాడు. కాన్ ఒక్కడే బొగ్గుముక్క పట్టుకుని గోడలు పాడుచేశాడు. ఫొటోలు పేపర్లో అచ్చెయ్యడం ఇంకా సరిగ్గా చేతకాని రోజులవి. ఎక్కడ కొంప అంటుకున్నా, ఎవడు ఎవణ్ణి పొడిచినా పేపరువాళ్లు బొమ్మలేసేవాణ్ణి పరిగెత్తించేవాళ్లు. పదేళ్లు కాన్ ఆ పరుగే పరిగెత్తాడు. శవం దగ్గర నిలబడి పది ఊపిరులు పీల్చేంతసేపు చూడటం, వెనక్కి తిరిగి పరిగెత్తి గుర్తున్నది గీయడం. అలా తయారైన కన్ను అతనిది, అలా తయారైన చెయ్యి.

క్లాసులో చెప్పింది కూడా అదే. "చూడండి, వెనక్కి తిరగండి, గియ్యండి. కొట్టే మనిషిని గీస్తే దెబ్బ పడ్డాక గీయకండి. చెయ్యి పైకి లేచి ఆగుతుంది చూడండి, అక్కడ పట్టుకోండి వాణ్ణి!" ఇద్దరు కుర్రాళ్లని చొక్కాలు విప్పించి నిజంగానే కలియబడమనేవాడు. ఒకసారి ఒకడి ముక్కు బద్దలై నెత్తురు కారుతుంటే మిగతావాళ్లని గీయమన్నాడు. పాఠశాల పెద్దలు నాలుగుసార్లు పిలిచి చీవాట్లు పెట్టారు. కానీ ఏం చేస్తారు? ఒహైయో నుంచీ మిన్నెసోటా నుంచీ పెట్టెలు మోసుకుని పిల్లలు వచ్చేది అతని కోసమే.

శుక్రవారం పొద్దున దిద్దుబాటు. అదొక కోతల పండగ. వారం రోజుల బొమ్మలూ గోడకి వరసగా తగిలిస్తే, కాన్ లావాటి బొగ్గు పట్టుకుని వాటి మీదే దిద్దుకుంటూ పోయేవాడు. ఎవరి పని వాళ్లదే అన్న మొహమాటం ఏ కోశానా లేదు. మెడ వంకరగా ఉంటే ఒక్క గీతతో విరిచేవాడు. దిద్దినవాటిలో మేలైనదాన్ని తనే తీసి, నోటి గొట్టంతో లక్క నీళ్లు ఊది బొగ్గు రాలకుండా ఆరబెట్టి, కింద ఏ చోట, ఏ రోజు, ఎవరు గీశారు అన్నది రాసి వరండాలో వేలాడదీసేవాడు. వరండాకి ఎక్కిన బొమ్మంటే ఊళ్లో పేరొచ్చినట్టే.

ఒక ఏడాది వేసవిలో కబేళాలన్నీ సమ్మెకి దిగాయి. ఫిన్ యూనియన్‌లో ముందు వరసవాడు. కంపెనీ పొరుగూళ్ల నుంచి రైళ్లలో మనుషుల్ని దింపి, లోపలే మంచాలేసి పనిచేయించడం మొదలుపెట్టింది. బయటికొచ్చినవాడు దొరికితే సమ్మెవాళ్లు చావగొట్టారు. పోలీసుల చేతికి సమ్మెవాళ్లు దొరికితే వాళ్లూ చావగొట్టారు. ఒక బుధవారం మధ్యాహ్నం యాష్‌లాండ్ రోడ్డు మీద ఎల్బర్ట్ నోల్స్ అనే కొత్త పనివాణ్ణి గుంపు ట్రాములోంచి ఈడ్చింది. అయొవాలో ఏదో పొలం నుంచి వచ్చిన మనిషి పాపం. నడిరోడ్డు మీద దుడ్డుకర్రలతో కొడితే తల పగిలి అక్కడికక్కడే పోయాడు.

కాన్ శిష్యురాలు హెడ్విగ్ లిండ్‌క్విస్ట్ అని స్వీడన్ వాళ్లమ్మాయి, ఆ ట్రాములోనే ఉంది. చూసింది, వెనక్కి తిరిగింది, గీసింది. శుక్రవారం గోడమీద ఆ బొమ్మ ఒక్కటే కనపడింది, మిగతావన్నీ గోడలో కలిసిపోయాయి. కిందపడ్డవాడు ఒకడు, కర్ర ఎత్తినవాడు ఒకడు, వాళ్లిద్దరి మధ్యలోకి చెయ్యి చాపి దూరుతున్న మనిషి మూడోవాడు. మూడోవాడి మొహం సగం టోపీ నీడలో ఉంది, గీతలు కూడా పూర్తి కాలేదు.

కాన్ బొగ్గు తీశాడు.

"బాగుంది అమ్మాయ్. చాలా బాగుంది. ఈ మూడోవాడే... ఏం చేస్తున్నాడు వీడు? పాదిరీలా దీవిస్తున్నాడా?"

అందరూ నవ్వారు. హెడ్విగ్ మొహం ఎర్రబడింది.

"అడ్డుపడ్డాడండీ. ఆపబోయాడు."

"ఆపాడా?"

"లేదండీ. ఆపలేకపోయాడు."

"మరి ఎందుకు వీడు? బొమ్మ మధ్యలో చల్లటి నీళ్లు పోసినట్టు! అంత కోపం నువ్వే రాజేసి నువ్వే ఆర్పేశావు కదమ్మా."

అంటూనే చెయ్యి ఆడింది. నాలుగు గీతలు. చాపిన చెయ్యి పైకి లేచింది, గుప్పిట్లో కర్ర మొలిచింది, భుజం బిగుసుకుంది. ఆ ఊపులోనే టోపీ కింద చీకట్లోంచి ఒక మొహాన్ని బయటికి లాగాడు. బిగిసిన దవడ, తెల్లగా మెరిసే కళ్లు, పగిలినట్టున్న నోరు. గదిలో ఉన్నవాళ్లందరికీ ఒళ్లు జలదరించింది. ఎవడో చప్పట్లు కొట్టాడు.

"నేను చూసింది అది కాదు మాస్టారూ," అంది హెడ్విగ్.

"నువ్వు చూసినదానికంటే ఇదే నిజం," అన్నాడు కాన్. లక్క నీళ్లు ఊదాడు. యాష్‌లాండ్ రోడ్డు, బుధవారం, హెడ్విగ్ లిండ్‌క్విస్ట్ గీసినది, సి. హాన్‌రటీ దిద్దినది అని రాసి, తీసుకెళ్లి వరండాలో వేలాడదీశాడు. ఒళ్లు తెలియని పొగరంటే ఇదే కదూ!

సోమవారం కంపెనీ తరఫు డిటెక్టివు స్ట్రాబ్ అనేవాడు ఇద్దరు పోలీసుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. పాఠశాల పెద్దల్లో ఎవరో చూసి ఊళ్లో చెప్పారట. కాన్ క్లాసులోంచి బయటికి వచ్చేసరికి స్ట్రాబ్ బొమ్మ ముందు నిలబడి పళ్లు కుట్టుకుంటున్నాడు.

"మాస్టారూ, ఈ కర్ర పట్టుకున్న పెద్దమనిషి మీ అన్న ఫిన్ కాదూ?"

కాన్ అప్పుడు చూశాడు. తన చేత్తో గీసిన మొహాన్ని మూడు రోజుల తర్వాత మొదటిసారి చూశాడు. ఫిన్! ముమ్మాటికీ ఫిన్.

ఒక్క దూకు దూకి కాయితం అంచు పట్టుకున్నాడు. స్ట్రాబ్ లాఠీ మణికట్టు మీద పడింది. కాన్ రెండో చేత్తో వాడి మూతి పగలగొట్టాడు. తర్వాత పోలీసులిద్దరూ అతన్ని వరండా నేలమీద పడేసి, పిల్లలు చూస్తుండగానే డొక్కల్లో బూట్లతో తన్నారు. హెడ్విగ్ అడ్డం వస్తే జుట్టు పట్టి గోడకేసి నెట్టారు. బొమ్మని మాత్రం నలగకుండా చుట్టి పట్టుకుపోయారు.

గంటలో ఫిన్ ఇంట్లో పడ్డారు. భోజనం బల్ల దగ్గర నుంచి ఈడ్చి, పెళ్లాం పిల్లల ముందే కుళ్లబొడిచి బండెక్కించారు. కాన్ పక్కటెముకలు పట్టుకుని కుంటుకుంటూ వెళ్లేసరికి వదిన బ్రైడీ గుమ్మంలో నిలబడి ఉంది. చెంప ఛెళ్లుమనిపించింది.

"నీ చేతులు పడిపోనూ! ఆయన ఆ రోజు వాణ్ణి కాపాడబోయి వీపున రెండు దెబ్బలు తిని వచ్చాడురా. నేనే కాపడం పెట్టాను. ఎవరో పాపం రైతుబిడ్డ, కళ్లముందే పోయాడు బ్రైడీ అని ఏడ్చాడురా నీ అన్న! ఆయన్ని ఉరికంబం ఎక్కించావు కదరా!"

హెడ్విగ్ ఎవరో తెలియని మనిషిని గీసింది. ఆ మనిషే ఫిన్. ఆపడానికి చాపిన ఆ చేతికి కర్ర ఇచ్చింది తమ్ముడు.

కోర్టులో యూనియన్ వకీలు ధైర్యంగానే ఉన్నాడు. గీసిన అమ్మాయి చెబుతుంది, దిద్దిన మాస్టారు చెబుతాడు, ఇంకేం కావాలన్నాడు. కానీ కంపెనీ మనుషులు ఇద్దరు బైబిలు మీద చెయ్యేసి, బొమ్మలో ఉన్నట్టే కొట్టాడండీ అని చెప్పిపోయారు. తర్వాత హెడ్విగ్ బోనెక్కింది. సర్కారు వకీలు మెత్తగా అడిగాడు.

"అమ్మా, మీ మాస్టారు శుక్రవారం మీ బొమ్మల్లో ఏం దిద్దుతారు? ఒప్పులా, తప్పులా?"

"తప్పులే."

"ఆయన దిద్దాక బొమ్మ నిజానికి దగ్గరవుతుందా, దూరమవుతుందా?"

"ఎప్పుడూ దగ్గరే అవుతుంది... కానీ ఇందులో కాదు! ఇందులో కాదండీ!"

"చాలు, వెళ్లమ్మా." ఆ పిల్ల దిగుతూ భోరుమని ఏడ్చింది. మాస్టారి గీతల కింద ఆమె గీసిన చెయ్యి చూపిద్దామంటే, బొగ్గు లక్కతో పాటు బిగుసుకుపోయింది. గోకితే కాయితమే చిరుగుతుంది.

కాన్ బోనెక్కాడు. నేను అక్కడ లేను, నేను చూడలేదు, బొమ్మకి బలం రావాలని చెయ్యి ఎత్తించాను, అదంతా నా అబద్ధం అని గట్టిగానే చెప్పాడు. ఇరవై మంది శిష్యులు వెనక బల్లల మీద కూర్చుని వింటున్నారు. చూసిందే గీయమని వాళ్ల ప్రాణం తీసిన మనిషి అంత మాట ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

"ఒప్పుకుందాం," అన్నాడు సర్కారు వకీలు. "చెయ్యి బలం కోసం. మరి మొహం? షికాగోలో ఇన్ని లక్షల మొహాలుండగా మీ అన్న మొహమే ఎందుకు పెట్టారు?"

కాన్ తడబడ్డాడు. "తెలియకుండా వచ్చింది."

"తెలియకుండా ఎలా వస్తుంది మాస్టారూ? మీ కళ్లతో చూడందే రాదు కదా!"

"చూశాను."

ఫిన్ ముద్దాయి బల్ల దగ్గర నుంచి లేచాడు. "కాన్నీ, నోరు ముయ్యి!"

కాన్ ముయ్యలేదు. నిజం చెబితే అన్న బయటపడతాడని నమ్మాడు, పిచ్చివాడు. "నాకు తొమ్మిదేళ్లప్పుడు మా నాన్న తాగొచ్చి నన్ను నేలకేసి కొట్టి గొంతు మీద కాలు పెట్టాడు. ఊపిరి ఆడలేదు. ఫిన్ పొయ్యిలో ఊచ తీసి ఎత్తాడు. కింద నుంచి నేను చూసిన మొహం అది. కొట్టే మనిషంటే నాకు అదొక్క మొహమే వస్తుంది. అది నన్ను బతికించిన మొహమండీ!"

జూరీలో ఒక ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు కూడా. వకీలు తొందరపడలేదు.

"ఆ ఊచ దించాడా?"

"...దించాడు."

"మీ నాన్నకి ఏమైంది?"

"చెవి తెగిపోయింది. ఆ పక్క కన్ను మళ్లీ కనపడలేదు."

"అప్పుడు ముద్దాయి వయసు?"

"పద్నాలుగు."

"పద్నాలుగేళ్లకే కన్నతండ్రి తల పగలగొట్టాడు," అని వకీలు జూరీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఇంకేం అడగలేదు. అడగాల్సిన అవసరం ఏముంది! ఫిన్ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

ఆ ముసలాయన ఒక్కడు పట్టుబట్టడం వల్ల ఉరి తప్పింది. యావజ్జీవం వేశారు.

ఆ తర్వాత కాన్ ఏ శిష్యుడి బొమ్మ మీదా గీత పెట్టలేదు. రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుని గోడ వెంబడి నడిచేవాడు. "ఇక్కడ నువ్వు చూసిందేమిటి? మళ్లీ చెప్పు. మళ్లీ చెప్పు," అని అడిగేవాడు. ఒకడు బతిమాలి బొగ్గు చేతిలో పెట్టబోతే బొమ్మ నిలబెట్టే ఈజిల్ ఎత్తి కిటికీ అద్దాల్లోంచి విసిరేశాడు. చిత్రం చూడండి, ఆ చేతులు జేబులో పెట్టుకోవడానికే దేశమంతా పేరొచ్చింది. శిష్యుడి పని మీద గురువు చెయ్యి పడకూడదనేది కొత్త పద్ధతి అని న్యూయార్క్‌లో, బోస్టన్‌లో మాస్టార్లు దాన్నే పట్టుకున్నారు. పత్రికలవాళ్లు వచ్చి ఈ సిద్ధాంతం మీకెలా తట్టిందని అడిగితే లేచి వెళ్లిపోయేవాడు.

ఫిన్ నాలుగేళ్లు తమ్ముడి మొహం చూడనన్నాడు. ఐదో ఏడు రమ్మని కబురుపెట్టాడు. జైల్లో పొడుగాటి బల్లకి అటు అన్న, ఇటు తమ్ముడు. గుమ్మం దగ్గర కాపలావాడు పొగాకు నములుతూ బయటికి చూస్తున్నాడు. ఫిన్ భుజాలు కుంగిపోయాయి గానీ చేతులు మాత్రం ఇంకా గొడ్డలి పట్టేవాడి చేతులే.

"బ్రైడీ ఎలా ఉంది?"

"బాగుందన్నా. పెద్దాడు పనిలో చేరాడు. కబేళాలో కాదులే."

"నీకు గొప్ప పేరొచ్చిందట కదా."

కాన్ తల దించుకున్నాడు.

"ఒరే కాన్నీ, ఇక్కడున్న ప్రతివాడూ ఏదో ఒకటి చేసే వచ్చాడు. ఒకడు పెళ్లాన్ని పొడిచాడు, ఒకడు కొట్టు తగలబెట్టాడు. పడుకునే ముందు తిట్టుకోడానికో, మురిసిపోడానికో వాళ్లకంటూ ఒకటుంది. నాకేముందిరా? నేను ఒక్క దెబ్బ కొట్టలేదు. ఉత్త పుణ్యానికి కూర్చున్నాను."

"నాకు తెలుసన్నా."

"తెలుసా?" అన్నాడు ఫిన్. "నీకు తెలుసా!"

బల్ల మీదుగా వచ్చిన గుద్దు కాన్ నోటి మీద పడింది. కుర్చీతో సహా వెనక్కి విరుచుకుపడ్డాడు. నోట్లోంచి రెండు పళ్లు నేలమీద రాలాయి. ఫిన్ బల్ల ఎక్కి దిగి, మీదికొచ్చి మళ్లీ చెయ్యెత్తాడు. చప్పుడికి కాపలావాడు గిర్రున తిరిగాడు. చూడ్డానికి వచ్చినవాళ్ల మీద చెయ్యి చేసుకుంటే చీకటి కొట్టు, కొరడా, ఇక జన్మలో ఎవర్నీ చూడనివ్వరు.

"చెయ్యి దించరా నా కొడకా!" అంటూ కాపలావాడు కర్ర దూశాడు.

"ఆగండి, ఆగండి!" కాన్ నెత్తురు ఉమ్మేసి మోకాళ్ల మీదికి లేచాడు. "కుర్చీ జారి పడ్డాను. పట్టుకోబోయాడు."

"నన్ను గుడ్డివాణ్ణి అనుకున్నావా? ఆ చెయ్యి కొట్టడానికే లేచింది."

"నేను బొమ్మలేసేవాణ్ణి బాబూ. పాతికేళ్లుగా నాకు ఇదే పని. ఏ చెయ్యి ఎందుకు లేచిందో నీకంటే నాకు బాగా తెలుసు. నన్ను లేపడానికి చాపాడు."

కాపలావాడు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, కర్ర దించాడు. ఫిన్ చెయ్యి ఇంకా పైనే ఉంది. కాన్ ఆ చెయ్యి పట్టుకునే లేచాడు.