టికెట్ వెనక పేరు

గల్ఫ్‌లో, రూవి బస్టాండులో బస్సెక్కి, సెలవు రోజున ఎడారిలో డేరా ఎక్కడ వేసుకోవాలా అని ఫోన్‌లో మ్యాప్ చూస్తున్నాను. మనిషి జాడలేని చోటు కోసమే నా వెతుకులాట. పక్క సీట్లో కంపెనీ యూనిఫాం వేసుకున్న ఒకతను తొంగిచూశాడు.

"ఒక్కరే పోతున్నరా? ఎవలకన్న చెప్పిన్రా?"

లేదన్నాను.

"మా సైట్ల ఎడారిలకు పోతే గేటు కాడ రిజిస్టర్ల పేరు రాస్తరు. వాపస్ వచ్చినంక కొట్టేస్తరు. కొట్టెయ్యకుంటే దేవులాడవోతరు."

తన టికెట్ వెనక నా పేరు, నంబరు, డేరా వేసే చోటు, తిరిగొచ్చే వేళ రాసుకున్నాడు. మొహమాటానికి చెప్పాను. అతని పేరు మాత్రం అడగలేదు.

శనివారం సాయంత్రం చెప్పిన వేళకే ఫోన్ మోగింది.

"వచ్చిన్రా?"

"ఇప్పుడే వచ్చాను."

"సరే, కొట్టేస్తున్న," అని పెట్టేశాడు.